చిప్ చదవని అక్షరాలు ఎక్కడివి? ఇంప్యూటేషన్ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న పండక్కి సోంపేట వెళ్తే మా బావగారు నిలదీశారు. "చిప్ మీద ఆరేడు లక్షల చోట్లే చూస్తామన్నావు. పేపర్లో కోటి అని వేశారు. మిగతావన్నీ కూకోని రాసీసినారేటి?" ఉద్దానం మనిషి. కిడ్నీ జబ్బుల మీద సర్వేలకు రక్తం ఇచ్చి ఇచ్చి విసిగిపోయారు, అడిగే హక్కు ఉంది. జన్యు డేటా విశ్లేషణ నా పని కాబట్టి జవాబు నేనే చెప్పాలి. చిప్ అంటే డీఎన్‌ఏలో ముందే ఎంచుకున్న చోట్ల అక్షరాలను (ఏ, టీ, జీ, సీ) చదివే పరికరం. అది చదవని చోట్ల ఏ అక్షరాలుంటాయో అంచనా వేయడమే ఇంప్యూటేషన్.

అపోహ: ఇంప్యూటేషన్ అంటే గాల్లో లెక్క.

అంచనాయే, కాకపోతే ఆధారమున్న అంచనా. నరసన్నపేటలో ఒకాయన ఇచ్ఛాపురం బస్సెక్కాడు, టెక్కలిలో అదే బస్సు దిగాడు. కోటబొమ్మాళి మీదుగా వెళ్లాడని చెప్పడానికి అక్కడ ఎవరూ కాపలా కాయక్కర్లేదు. క్రోమోజోము మీద పక్కపక్కనున్న అక్షరాలు కూడా తరతరాలుగా ఇలా కట్టగానే దిగుతాయి. ఆ కట్ట పేరు హాప్లోటైప్. దూరం పెరిగేకొద్దీ మధ్యలో బస్సు మారే అవకాశమూ పెరుగుతుంది, దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. పూర్తిగా సీక్వెన్స్ చేసిన, అంటే డీఎన్‌ఏ అక్షరాలన్నీ చదివిన, మనుషుల హాప్లోటైపుల చిట్టాయే రిఫరెన్స్ ప్యానెల్. మన శాంపిల్ ఆ చిట్టాలో ఎవరితో ఎక్కడ కలుస్తోందో బీగిల్, మినిమ్యాక్ లాంటి ప్రోగ్రాములు చూసి ఖాళీలకు డోసేజ్ ఇస్తాయి, అంటే ఆ మార్పు ఆ మనిషిలో ఎన్ని కాపీలు ఉండొచ్చో 0 నుంచి 2 మధ్య అంచనా. అది 2 అని కాకుండా 1.87 అని రావచ్చు. ఆ దశాంశంలోనే అనుమానం ఎంతో ఉంది. దాన్ని 2 చేసేసి వాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: ప్యానెల్ ఎంత పెద్దదైతే అంత మేలు.

మనవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది అసలు ప్రశ్న. హెచ్‌ఆర్‌సీ (హాప్లోటైప్ రిఫరెన్స్ కన్సార్టియం) ప్యానెల్‌లో 32 వేల పైచిలుకు మంది ఉన్నా ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లు. థౌజండ్ జీనోమ్స్ అనే ఇంకో ప్యానెల్ మూడో దశలో 2,504 మందే, కానీ 26 జనసమూహాలు. అందులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు 102 మంది. అందరిలో తరచుగా కనిపించే మార్పులకైతే ఏ ప్యానెల్ వాడినా పెద్ద తేడా రాదు. మన దగ్గరే ఎక్కువగా కనిపించేవాటి సంగతి వేరు. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయే మార్పు చూడండి. గుండె కండరం జబ్బుతో ముడిపడిన ఈ మార్పు దక్షిణాసియాలో సుమారు నూటికి నలుగురిలో ఉంటుంది. హెచ్‌ఆర్‌సీలో ఒక్క అక్షరం మారే చోట్లే తప్ప ఇలాంటి తొలగింపులు లేనే లేవు. చిట్టాలో లేనిదాన్ని ఏ ప్రోగ్రామూ పుట్టించలేదు.

అలాగని ఆ 102 మందితో మన సవరలూ, భావనపాడు మత్స్యకారులూ అందరూ వచ్చేసినట్టు కాదు. 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచిన జీనోమ్ ఇండియా డేటా, దాదాపు 10 వేల మందిది, అందుకే నాకు పెద్ద ఊరట.

అపోహ: మేనరికాలు ఎక్కువ, మన దగ్గర ఇది పనిచేయదు.

నిజానికి మన సముదాయాల్లో పంచుకున్న ముక్కలు పొడవుగా ఉంటాయి. అదే సముదాయం నుంచి కొద్దిమందిని సీక్వెన్స్ చేసి ప్యానెల్‌లో కలిపినా బాగా కలిసొస్తుంది. చుట్టరికాలను మాత్రం అసోసియేషన్ లెక్కలో, అంటే ఏ మార్పు జబ్బుతో ముడిపడిందో చూసే లెక్కలో, విడిగా చూసుకోవాలి.

అపోహ: ఆర్-స్క్వేర్ 0.3 దాటితే చాలు.

ఆర్-స్క్వేర్ అంటే తన అంచనా ఎంత నమ్మదగ్గదో ప్రోగ్రామ్ తన పేపర్ తనే దిద్దుకుని 0 నుంచి 1 మధ్య వేసుకున్న మార్కు. అరుదైన మార్పులకు నేను 0.8 కింద దేన్నీ నమ్మను. చిప్ చదివిన కొన్ని చోట్లను దాచిపెట్టి, ఇంప్యూట్ చేయించి, అసలుతో పోల్చి చూస్తాను.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. ఒకసారి రోగులను ఒక చిప్ మీద, ఆరోగ్యవంతులను ఇంకో చిప్ మీద చదివిన డేటా నా చేతికొచ్చింది. రెండింటినీ విడివిడిగా ఇంప్యూట్ చేశాను. జబ్బుతో ముడి బలంగా ఉన్నచోట గీత ఎత్తుగా లేచే మాన్‌హటన్ ప్లాట్‌లో తాటిచెట్టంత గీత లేచింది. స్వీట్లు కూడా పంచేశాం. రెండు వారాల తర్వాత చూస్తే, అది ఏ/టీ మార్పు. డీఎన్‌ఏకి రెండు పోగులు. ఏకి ఎదురు పోగులో ఉండేది టీయే కాబట్టి, పోగు తిరగబడినా అక్షరాలు చూసి కనిపెట్టలేం. ఒక చిప్ ఒక పోగు, రెండోది ఎదురు పోగు చదివింది. ఇలాంటి చోట్లు తీసేసి, రెండు చిప్‌లకూ ఉమ్మడిగా ఉన్నవే ఉంచి, అందరినీ కలిపి మళ్లీ నడిపితే తాటిచెట్టు మాయం.

అంతా విని బావగారు, "అయితే నా జబ్బు సంగతి కూడా అందులోంచే చెప్పీ" అన్నారు. అది కుదరదు. ఇది వేలమందిని కలిపి చూసే లెక్క. ఒక్క మనిషికి కావాలంటే ఆ చోటును నేరుగా టెస్ట్ చేయాల్సిందే. సికిల్ సెల్ ఉందో లేదో రక్తపరీక్షలోనే తేలుస్తారు గానీ డోసేజ్ చూసి కాదు.

"మరైతే నేను క్రియాటినిన్ చూపించుకుంటే చాలు కదేటి" అన్నారాయన. మర్నాడు పొద్దున్నే ఇద్దరం పలాస వెళ్లాం.