కరెంటు పడవ చప్పుడు చేయదా? తిమింగలాలు, ఓడల రొద: అపోహలు - వాస్తవాలు

పడవలు నీటి లోపల ఎంత రొద చేస్తున్నాయో హైడ్రోఫోన్ (నీటి లోపలి చప్పుళ్ళు వినే మైకు) దించి కొలవడం నా ఉద్యోగం. ఆ రొద తిమింగలాలను ఇబ్బంది పెడుతుంది. పనంతా అమెరికాలోని సియాటెల్ చుట్టుపక్కల సముద్రంలోనే. విశాఖ నుంచి మా మామయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "పడవలన్నిటికీ బ్యాటరీలు పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదరా! మా ఎదురింటాయన కరెంటు కారు పక్కకొచ్చి ఆగినా తెలీట్లేదు." ఈ మాట ఆయనొక్కరే కాదు, ఓడల కంపెనీల మీటింగుల్లో పెద్ద పెద్దవాళ్ళూ అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కరెంటు మోటారు పెడితే పడవ నిశ్శబ్దమైపోతుంది

సగం నిజం. ఆ మిగతా సగంలోనే మా పనంతా ఉంది.

ప్రొపెల్లర్ జోరుగా తిరిగినప్పుడు బ్లేడుకి ఒక పక్క నీటి ఒత్తిడి బాగా పడిపోతుంది. ఒత్తిడి పడిపోతే నీళ్ళు చల్లగా ఉన్నా అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతాయి. కాస్త పక్కకు జరిగి మామూలు ఒత్తిడిలోకి రాగానే ఆ బుడగలు ఫట్‌మని చితికిపోతాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. హైడ్రోఫోన్‌లో వింటే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మొదలై, వేగం పెరిగేకొద్దీ హోరుగా మారుతుంది. ఒకసారి ఈ బుడగలు మొదలయ్యాయంటే పడవ రొదలో పెద్ద వాటా వాటిదే. షాఫ్టును తిప్పేది డీజిలా, కరెంటా అన్నది బుడగకు అనవసరం.

మరి బ్యాటరీతో లాభం లేదా? ఉంది, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు. బుడగలు పుట్టని వేగంలో వినిపించేది ఇంజను, గేర్‌బాక్సుల అదురు. అది పునాది బోల్టుల గుండా పడవ అడుగుకి, అక్కణ్ణుంచి నీటికి పాకుతుంది. డీజిల్ ఆపేస్తే ఆ అదురు పోతుంది. రేవులోకి వచ్చేటప్పుడు, తిమింగలాల దగ్గర నిదానంగా కదిలేటప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. అదే పడవను అదే ప్రొపెల్లర్‌తో 20 నాట్ల (గంటకు సుమారు 37 కి.మీ.) మీద పరుగెత్తిస్తే ఆ తేడా హోరులో కలిసిపోతుంది.

మా ఊరి ఫెర్రీ వెనాచీనే చూడండి. 1998లో కట్టినప్పటి నుంచీ అది డీజిల్-ఎలక్ట్రిక్. అంటే డీజిల్ జనరేటర్లు కరెంటు తీస్తే, ప్రొపెల్లర్లను తిప్పింది ఎప్పుడూ మోటార్లే. ఉన్న నాలుగు ఇంజన్లలో రెండు తీసేసి బ్యాటరీలు పెట్టి 2025లో మళ్ళీ నీళ్ళలోకి దించారు. పొగ తగ్గించడానికి చాలా మంచి పని. నీటి కింద రొద తగ్గాలంటే మాత్రం ప్రొపెల్లర్ డిజైన్, వేగం గురించి విడిగా మాట్లాడుకోవాలి.

అపోహ: శబ్దమంటే శబ్దమే, ఏ తిమింగలానికైనా ఒకటే

నీలి తిమింగలాలు, ఫిన్ తిమింగలాలు మాట్లాడుకునేది అతి మంద్రంలో. ఫిన్ పిలుపైతే 20 హెర్ట్జ్ దగ్గర, మన చెవికి ఆనీ ఆనని అంచున ఉంటుంది. సరుకు ఓడల రొదలో ఎక్కువ భాగం పడేది కూడా ఆ కింది స్థాయిలోనే. మా దగ్గరుండే ఓర్కాల (కిల్లర్ వేల్స్) సంగతి వేరు. చినూక్ సాల్మన్ చేపల్ని వెతకడానికి అవి వదిలే క్లిక్కుల బలమంతా సుమారు 20 నుంచి 60 కిలోహెర్ట్జ్ మధ్యలో ఉంటుంది.

కరెంటు పడవల వాళ్ళకు నచ్చని మాట ఇక్కడ ఒకటి చెప్పాలి. మోటారును నడిపే ఇన్వర్టర్ సెకనుకు కొన్ని వేలసార్లు కరెంటును ఆన్, ఆఫ్ చేస్తుంది. దానివల్ల సన్నటి కీచు పుడుతుంది. ఒక చిన్న పడవను కొలిచినప్పుడు కంప్యూటర్ తెర మీద మంద్రమైన శబ్దాలు కనిపించే కింది భాగమంతా ప్రశాంతంగా ఉంది, పైన మాత్రం గీత గీసినట్టు ఒక కీచు. ఓర్కా చెవికి అది బాగా వినిపించే చోటే. యజమాని ముఖం వాడిపోయింది. దీనికి మందు లేకపోలేదు. స్విచింగ్ ఫ్రీక్వెన్సీ మార్చడం, ఫిల్టర్ పెట్టడం, మోటారు కింద రబ్బరు దిమ్మలు వేయడం లాంటివి పనిచేస్తాయి. కాకపోతే కొలిచి చూస్తేగానీ జబ్బు ఉన్నట్టే తెలియదు.

అపోహ: నీటిలో 180 డెసిబెల్స్ అంటే జెట్ విమానం పక్కన నిలబడ్డట్టే

కాదు. గాలికీ నీటికీ కొలబద్దలే వేరు. రెంటినీ పోల్చాలంటే నీటి అంకెలోంచి సుమారు 62 తీసేయాలి. టీవీ వాళ్ళు తీసేయరు.

అపోహ: నెమ్మదిగా వెళ్తే రొద ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, లాభమేముంది?

కెప్టెన్లు అడిగే ప్రశ్న, సమంజసమైనదే. మామూలు ప్రొపెల్లర్ ఉన్న ఓడ వేగాన్ని సగం చేస్తే రొద 18 డెసిబెల్స్ దాకా తగ్గుతుందని మా రంగంలో పాత ఉజ్జాయింపు లెక్క. సమయం రెట్టింపైనందుకు కలిసేది 3 డెసిబెల్స్. లెక్క ఎటు మొగ్గిందో చూడండి. 2017లో కెనడాలోని వాంకూవర్ పోర్టు వాళ్ళు మా దగ్గరి హారో జలసంధిలో ఓడల్ని స్వచ్ఛందంగా 11 నాట్లకు దిగమన్నారు. దిగిన ఓడలు నిజంగానే రొద తగ్గించాయి. బ్లేడు కోణం మార్చుకునే ప్రొపెల్లర్లతో మాత్రం జాగ్రత్త. ఇంజను స్పీడు తగ్గించకుండా కోణం మాత్రమే తగ్గిస్తే ఒక్కోసారి రొద పెరుగుతుంది.

అపోహ: తిమింగలాలు ఈపాటికి అలవాటు పడిపోయి ఉంటాయి

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొన్ని రోజులు ఓడల రాకపోకలు పడిపోయాయి. కెనడాలోని బే ఆఫ్ ఫండీలో నీటి కింద రొద 6 డెసిబెల్స్ తగ్గింది, అంటే శబ్ద పీడనం సగమైంది. అదే సమయంలో అక్కడ రైట్ వేల్స్ అనే తిమింగలాల మీద పరిశోధన చేస్తున్నవాళ్ళు వాటి పేడ ఏరుతున్నారు. నవ్వకండి, సముద్రం మీద తేలే పేడ వాసన పట్టడానికి శిక్షణ ఇచ్చిన కుక్కలు కూడా ఉంటాయి. ఆ రోజుల పేడలో టెన్షన్ హార్మోన్ల ఆనవాళ్ళు తక్కువగా ఉన్నాయి. ఈ లెక్కలు 2012లో అచ్చయ్యాయి. అలవాటు పడి ఉంటే, రొద తగ్గగానే ఆ హార్మోన్లు ఎందుకు తగ్గుతాయి?

2020లో వచ్చిన ఇంకో పరిశోధన ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో జరిగింది. హంప్‌బ్యాక్ తిమింగలాల తల్లీపిల్లల దగ్గరికి పడవలో వెళ్ళి, నీటిలో స్పీకర్ పెట్టి, పడవ రొదను రకరకాల స్థాయిల్లో వినిపిస్తూ పైనుంచి డ్రోన్‌తో చూశారు. గట్టి రొద విన్న తల్లుల విశ్రాంతి 30 శాతం తగ్గింది, ఈత వేగం 37 శాతం పెరిగింది, ఊపిరి తీసుకోవడం రెట్టింపైంది. రొద తక్కువగా ఉన్నప్పుడు వాటిలో పెద్ద మార్పు లేదు.

అపోహ: చప్పుడు లేని పడవ వచ్చి గుద్దేస్తుంది, రొద ఉంటేనే మేలు

ఇది కొట్టిపారేసే భయం కాదు. కానీ రొద చేసే పెద్ద ఓడలూ తిమింగలాల్ని గుద్దుతూనే ఉన్నాయి. ప్రొపెల్లర్ వెనక ఉంటుంది, ముందు వైపు ఓడ శరీరమే శబ్దానికి అడ్డు. పైగా నీటి పైపొరలో మంద్రమైన శబ్దం బలహీనపడుతుంది. అమెరికా తూర్పు తీరంలో 2008లో తెచ్చిన నియమం కూడా వేగం మీదే: 65 అడుగులు, ఆపైన ఉన్న ఓడలు కొన్ని ప్రాంతాల్లో, కొన్ని నెలల్లో 10 నాట్లు దాటకూడదు.

మామయ్యకు దగ్గరి ఉదాహరణ చెప్పాను. విశాఖ నుంచి సూయజ్ వైపు వెళ్ళే ఓడ శ్రీలంకకు దక్షిణంగా చుట్టి వెళ్ళాలి. అక్కడే నీలి తిమింగలాలు మేస్తుంటాయి. అంత దూరం బ్యాటరీ మీద లాగే సరుకు ఓడ ఇవాళ లేదు. 2022లో ఎంఎస్‌సీ అనే ఓడల కంపెనీ చేసింది చాలా సాదా పని: తన ఓడల దారిని ఇంకా దక్షిణానికి జరిపింది. తిమింగలాలున్న చోటికి వెళ్ళకపోవడం కన్నా మంచి ఇంజనీరింగ్ నాకు తెలియదు.

ఆయన వచ్చే జూలైలో ఇక్కడికి వస్తున్నారు. ఓర్కాలు చూడాలట, అదీ కరెంటు పడవలోనట. ఏ పడవైనా సరే, దగ్గరికి ఎంత వేగంతో వెళ్తుంది, ఎంత దూరంలో ఆగుతుంది అని ముందు అడగమన్నాను. చివరికి పడవే వద్దనుకున్నాం. శాన్ హువాన్ దీవిలో లైమ్ కిల్న్ లైట్‌హౌస్ దగ్గర రాళ్ళ మీద కూర్చుంటే, అదృష్టం బాగుంటే ఓర్కాలు ఒడ్డుకు ఆనుకునే వెళ్తాయి. ఆ దీవికి చేరడానికి ఎక్కాల్సింది డీజిల్ ఫెర్రీ అన్న సంగతి ఆయనకింకా చెప్పలేదు.