గొణిగినా వినబడుతుందా: దొంగ మంత్రం తగువు వెనక కథ

బరంపురంలో ఆదివారం మధ్యాహ్నాలు మేం ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) మొన్న గంటసేపు ఒక్క అడుగు ముందుకు పడలేదు. ఆటలో రాజుగారి విందు నడుస్తోంది. మా బావ ఆడే విజర్డ్ (మంత్రగాడు) దివాను పక్కనే కూర్చుని, ఎవరికీ తెలియకుండా మంత్రం వేసి ఆయన మనసు మార్చాలి. "స్టెల్త్ వేస్తాను బావా, నోట్లోనే గొణుక్కుంటాను" అన్నాడు. స్టెల్త్ అంటే ఎవరి కంటా పడకుండా పని కానిచ్చే నేర్పు, డైస్ వేసి తేల్చేది. కథ నడిపి తీర్పులు చెప్పే డీఎం కుర్చీలో ఉన్నది నేను. కుదరదన్నాను. "ఏటి కుదరదు? మా తాత జపం చేస్తే పెదవి కదిలినట్టు కూడా తెలిసేది కాదు!" అప్పడాల పళ్ళెం ఖాళీ అయింది గానీ తగువు తెగలేదు.

తాతగారి మాట కొట్టిపారేసేది కాదు. మన లెక్కలో జపం మూడు రకాలు. పైకి వినబడేది వాచికం, పెదవులు కదిలినా పక్కవాడికి వినబడనిది ఉపాంశువు, మనసులోనే సాగేది మానసికం. యజ్ఞం కంటే జపం పదింతలు, ఉపాంశువు నూరింతలు, మానసికం వెయ్యింతలు మేలని మనుస్మృతి. అంటే గొంతు తగ్గేకొద్దీ ఫలం పెరుగుతుంది. ఈ ఆటలో మంత్రానిది పూర్తిగా ఎదురు లెక్క.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి మూడు చిన్న పుస్తకాల్లో మంత్రాలున్నాయి గానీ, ఏ మంత్రానికి నోరు మెదపాలి, దేనికి చెయ్యి తిప్పాలి అన్న పట్టీ లేదు. ఆ పట్టీ 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో కనబడుతుంది. మాట, చేతి కదలిక, సరుకు (దగ్గర ఉండాల్సిన వస్తువు): మొత్తం మూడు దినుసులు. ఒక్కో మంత్రానికి వీటిలో ఏవి కావాలో రాసిపెట్టారు. అయితే అప్పటి ప్రశ్న 'ఎవరు చూశారు' కాదు, 'ఎలా ఆపాలి'. సొరంగంలో రాక్షసుడు ఎదురుగా నిలబడి ఉంటే దాచడానికేముంది? నోట్లో గుడ్డ కుక్కితే మాట పోయింది, చేతులు కట్టేస్తే కదలిక పోయింది, మధ్యలో దెబ్బ తగిలితే మంత్రమే పోయింది. విజర్డ్ బలానికి అది కళ్ళెం. ఆట సొరంగం దాటి దర్బారులోకి అడుగుపెడితేనే మా బావలాంటి వాళ్ళకు పని.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ దాపరికానికి ధర కట్టింది. మాట గట్టిగా పలకాలని తేల్చి చెప్పింది. పలక్కుండా వేయాలంటే సైలెంట్ స్పెల్, చెయ్యి కదపకుండా వేయాలంటే స్టిల్ స్పెల్ అనే ఫీట్లు, అంటే ప్రత్యేక నేర్పులు, నేర్వాలి. వాడిన ప్రతిసారీ ఒక్కోదానికి ఒక్కో లెవెల్ పై స్లాట్ (రోజుకు ఇన్నేనని లెక్కగా ఉండే మంత్రం వంతు) ఖర్చు. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఈ మూడు దినుసుల పద్ధతినే పక్కన పెట్టింది కాబట్టి దాంతో మనకు పని లేదు.

2014లో ఐదో ఎడిషన్ పట్టీని వెనక్కి తెచ్చింది గానీ, మాటకు ఫలానా స్థాయి, ప్రతిధ్వని ఉండాలంటూ ఎంత గట్టిగా పలకాలో చెప్పకుండా వదిలేసింది. మా బావ దూరింది ఆ సందులోంచే. సలహా చెప్పి ఎదుటివాడి చేత పని చేయించే సజెషన్ మంత్రం మీద రచ్చ మరీ ఎక్కువ. ఎదుటివాడికి చెప్పే సలహా వాక్యమే మంత్రం కదా అని వాదించేవాళ్ళున్నారు. కాదు, మంత్రాక్షరాలు వేరు, సలహా వేరు అని రూల్స్ రాసినవాళ్ళే తర్వాత తేల్చారు. అంటే దివానుగారి ముందు బీజాక్షరాల్లాంటివేవో పలికి, ఆ తర్వాత "తాళంచెవి ఇలా ఇవ్వండి" అనాలన్నమాట! పైగా అప్పట్లో దాని సరుకు పాము నాలుక, దాంతోపాటు తేనెపట్టు ముక్కో తీపి నూనె చుక్కో.

2017లో జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అనే అనుబంధ రూల్స్ పుస్తకం ఇంకాస్త బిగించింది. మూడింటిలో ఏ ఒక్క దినుసు ఉన్నా మంత్రం వేస్తున్న సంగతి బయటపడేదే. సార్సరర్‌కు (పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్న పాత్ర) సటిల్ స్పెల్ అనే వెసులుబాటు ఉంది, ఒక సార్సరీ పాయింట్ ఖర్చుతో మాటా కదలికా అక్కర్లేదు. కానీ సరుకు ఉంటే అప్పటికి దొరికిపోయినట్టే. 2024 పుస్తకం ఆ సరుకును కూడా మాఫీ చేసింది, ధర రాసినవీ వాడితే అయిపోయేవీ తప్ప.

మా చెల్లెలు ఆడేది సార్సరర్‌నే. "అన్నయ్యా, నేను పాయింట్ పెట్టి కొనుక్కునేది బావకి ఊరికే ఇచ్చేస్తావా?" అంది. నా తీర్పు వెనక ఉన్న అసలు సంగతి అదే. ఒక్క స్టెల్త్ డైస్‌తో పని అయిపోతే ఆ పాయింటుకు విలువేముంది?

(ఎవరూ ఏ మంత్రమూ చూడకపోయినా చిల్లంగి పెట్టారన్న అనుమానంతోనే మనుషుల్ని చంపిన రాష్ట్రం మా ఒడిశా. 2013లో చట్టమే తేవాల్సి వచ్చింది. సాక్ష్యం కోసం గంటసేపు కొట్టుకున్నది మాత్రం మేం, ఆటలో.)

చివరికి బావకు ఒక్క అవకాశం ఇచ్చాను. డీఎం తన ముందు నిలబెట్టుకునే అట్ట, ఐదో ఎడిషన్ డీఎం స్క్రీన్ మీద చప్పుడు ఎంత దూరం వినబడుతుందో చెప్పే పట్టిక ఉంది. మామూలు చప్పుడైతే రెండు ఆరు ముఖాల డైస్ మొత్తానికి 10 రెట్లు, అణిచిపెట్టిన చప్పుడైతే 5 రెట్లు, అడుగుల్లో. అది గొణుగుడికి రాసింది కాకపోయినా వాడుకున్నాను. బావ అరచేతుల్లో డైస్ చాలాసేపు ఆడించి వేశాడు. మూడు, ఐదు. నలభై అడుగులు.

విందు గది పొడవు ముప్ఫై.