హార్మోన్ మొదలుపెట్టాక మొదటి ఏడాది: ఏది ముందు మారుతుంది, ఏది ఆలస్యం

ట్రాన్స్ మహిళలు వాడే ఎస్ట్రడయాల్ అనే స్త్రీ హార్మోన్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే రక్తంలో దాని మట్టం పెరుగుతుంది. పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను అణిచే మందు కూడా సరిగ్గా పడితే, టెస్టోస్టిరాన్ మట్టం కొన్ని వారాల్లోనే కిందికి దిగుతుంది. ముఖం మీది జిడ్డు నెలా రెండు నెలల్లో తగ్గడం తెలుస్తుంది. గడ్డం మాత్రం ఏడాది తర్వాత కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. మందులు అవే, ఒళ్లూ అదే. కానీ చర్మం, రక్తం, కొవ్వు, వెంట్రుక, వీటిలో పాతది పోయి కొత్తది రావడానికి దేని గడువు దానిదే. ట్రాన్స్ మహిళలు తీసుకునే హార్మోన్ చికిత్సలో మొదటి ఏడాది అర్థం కావాలంటే ముందు ఈ గడువులు తెలియాలి. మోతాదు రెట్టింపు చేసినంత మాత్రాన గడువు సగానికి తగ్గదు. పెరిగేది ప్రమాదమే.

వాడే మందులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ఎస్ట్రడయాల్. మాత్రలైతే రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాములు. మాత్ర వద్దనుకుంటే చర్మానికి అంటించే ప్యాచ్, రాసుకునే జెల్, లేదా ఎస్ట్రడయాల్ వాలరేట్ ఇంజెక్షన్ ఉన్నాయి. రెండోది టెస్టోస్టిరాన్‌కు అడ్డుకట్ట వేసే మందు: స్పైరనోలాక్టోన్ రోజుకు 100 నుంచి 300 మి.గ్రా., లేదా సైప్రోటిరోన్ ఎసిటేట్. రక్తంలో ఎస్ట్రడయాల్ మిల్లీలీటరుకు 100–200 పికోగ్రాముల మధ్య, టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలని హార్మోన్ వైద్యుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్త పరీక్ష చేయించాలి. డాక్టర్లు మామూలుగా తక్కువతో మొదలుపెట్టి, రిపోర్టు చూసుకుంటూ పెంచుతారు.

అడ్డుకట్ట మందులు రెండూ ఒకేలా పనిచేయవు. సైప్రోటిరోన్ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని నిద్రపుచ్చుతుంది. అక్కడి నుంచి ఆదేశం ఆగిపోవడంతో వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారీయే తగ్గిపోతుంది. స్పైరనోలాక్టోన్ ప్రధానంగా కణాల దగ్గర కూర్చుని, వచ్చిన టెస్టోస్టిరాన్‌ను పనిచేయనివ్వదు. తయారీ మీద దాని పట్టు అంతంతమాత్రమే. అందుకే స్పైరనోలాక్టోన్ వాడేవారి రిపోర్టులో టెస్టోస్టిరాన్ ఇంకా ఎక్కువే కనిపించినా, ఒంట్లో మార్పులు మొదలై ఉండవచ్చు. అంకె చూసి బెంబేలెత్తి మాత్రలు పెంచుకోకూడదు.

మొట్టమొదట తెలిసే మార్పులు టెస్టోస్టిరాన్ తగ్గడం వల్ల వచ్చేవే. ఒకటి నుంచి మూడు నెలల్లో కామవాంఛ తగ్గుతుంది, తెల్లవారుజామున దానంతటదే వచ్చే అంగస్తంభన తగ్గుతుంది. మూడు నుంచి ఆరు నెలల్లో వృషణాలు చిన్నవవుతాయి. చర్మంలో నూనె గ్రంథుల కణాలు కొన్ని వారాల్లోనే పుట్టి, నూనెతో నిండి, పగిలిపోతుంటాయి. వాటిని పెంచేది టెస్టోస్టిరాన్ కాబట్టి, అది తగ్గితే తర్వాతి విడత కణాలు నూనె తక్కువ చేస్తాయి. మొటిమల కోసం ఏళ్లుగా వాడుతున్న ఘాటైన ఫేస్‌వాష్ ఇప్పుడు చర్మాన్ని ఎండగట్టి పగిలేలా చేస్తుంది. దాన్ని మానేసి మెత్తటి సబ్బు, మాయిశ్చరైజర్‌కు మారడం మేలు. ఒంటి వాసన మారిందని చాలామంది చెబుతారు.

ఇక అందరూ ఎదురుచూసేది రొమ్ముల పెరుగుదల. అది మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదలవుతుంది. మొదట కనిపించేది ఆకారం కాదు, నొప్పి. చనుమొన వెనకాల, చుట్టూ ఉండే ముదురు వలయం కింద, చిన్న బిళ్లలా గట్టిగా తగులుతుంది. చొక్కా రాసుకున్నా, బస్సులో ఎవరి మోచేయి తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. ఎదిగే వయసు ఆడపిల్లల్లో జరిగేదీ ఇదే: ఎస్ట్రడయాల్ ప్రభావంతో పాలనాళాలు సాగి కొమ్మలు వేయడం మొదలవుతుంది. ఒకవైపు ముందు, ఇంకోవైపు వెనుక మొదలవడం మామూలే. మెత్తటి కాటన్ బ్రా వేసుకుంటే రాపిడి తగ్గుతుంది. నొప్పి లేకుండా రాయిలా గట్టిగా, కదలకుండా ఉండే గడ్డ కనిపించినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా డాక్టర్‌కు చూపించాలి. పాలలాంటి ద్రవం వస్తే ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) పరీక్ష చేయిస్తారు.

ఎంత పెరుగుతాయన్నది కాస్త చేదు నిజం. ఆమ్‌స్టర్‌డామ్, ఘెంట్, ఫ్లోరెన్స్ కేంద్రాల్లో 229 మంది ట్రాన్స్ మహిళలను ఏడాది పాటు కొలిచిన అధ్యయనం 2018లో వచ్చింది. చనుమొనల మీదుగా తీసిన చుట్టుకొలతలోంచి రొమ్ముల కిందుగా తీసిన చుట్టుకొలతను తీసేస్తే, ఏడాది చివర సగటున 7.9 సెంటీమీటర్లు. ఇంచుమించు సగం మందికి అతి చిన్న బ్రా కప్పు సైజు కూడా నిండలేదు. పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే జరిగింది. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి: రక్తంలో ఎస్ట్రడయాల్ ఎక్కువగా ఉన్నవారికి రొమ్ములు ఎక్కువగా పెరగలేదు. రొమ్ముల కోసమని మోతాదు పెంచుకునేవారు ఈ ఒక్క ఫలితం గుర్తుంచుకుంటే చాలు. పూర్తి ఎదుగుదలకు రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి, ఇంప్లాంట్ ఆపరేషన్ ఆలోచన ఉన్నా కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు ఆగమంటారు. ఇంట్లో కొలుచుకునేవారు నెలకోసారి, నిలబడి, చేతులు కిందికి వదిలి, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. రోజూ కొలిస్తే మనశ్శాంతి పోవడం తప్ప తెలిసేదేమీ ఉండదు.

బయటికి ఏమాత్రం కనిపించని పెద్ద మార్పు రక్తంలో జరుగుతుంది. ఎర్ర రక్తకణాలను ఎక్కువగా తయారుచేయమని ఎముక మజ్జను పురిగొల్పేది టెస్టోస్టిరాన్. అది తగ్గగానే తయారీ నెమ్మదిస్తుంది, కానీ ఇప్పటికే తిరుగుతున్న కణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. అందుకే హిమోగ్లోబిన్ మూడు నాలుగు నెలల్లో మెల్లగా దిగి, ఆడవారిలో ఉండే స్థాయికి చేరుతుంది. చిక్కంతా ల్యాబ్ రిపోర్టులో వస్తుంది. పేరు పక్కన ‘పురుషుడు’ అని ఉంటే కంప్యూటర్ 13–17 గ్రాముల కొలబద్ద పెట్టి, 12.6 వచ్చిన హిమోగ్లోబిన్‌కు ఎర్ర గీత గీస్తుంది. అది చూసి ఎవరో ఐరన్ మాత్రలు రాసిచ్చేస్తారు. హార్మోన్లు మొదలుపెట్టి నాలుగు నెలలు దాటితే హిమోగ్లోబిన్‌ను ఆడవారి కొలబద్దతోనే చూడాలి. అలసట, ఆయాసం ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయించి తేల్చుకోవాలి.

కొవ్వు గురించి ఒక అపోహ బాగా వ్యాపించింది: పొట్ట మీది కొవ్వు నడిచి వెళ్లి తుంటికి చేరుతుందని. ఉన్న కొవ్వు ఎక్కడికీ కదలదు. కొత్తగా చేరే కొవ్వు ఎక్కడ కూర్చోవాలన్నదే మారుతుంది. ఐరోపా కేంద్రాల్లో ఏడాది పాటు కొలిస్తే, కాళ్లలో కొవ్వు 42 శాతం, తుంటి చుట్టూ 34 శాతం, పొట్ట దగ్గర 18 శాతం పెరిగింది. అంటే పొట్ట కూడా పెరిగిందన్నమాట, కాకపోతే తక్కువ. ఈ మార్పు మూడు నుంచి ఆరు నెలల్లో మొదలై రెండు మూడేళ్లు సాగుతుంది. కండ మొదటి ఏడాది కొద్దిగానే తగ్గుతుంది, బలం అంతకన్నా నెమ్మదిగా.

వెంట్రుకల విషయంలో ఓపిక తప్పదు. ఒంటి మీది వెంట్రుకలు పలచబడటం ఆరు నెలల నుంచి ఏడాదిలో మొదలై, మూడేళ్లు దాటాక గానీ ఒక కొలిక్కి రాదు. గడ్డం నెమ్మదిగా పెరుగుతుందేమో గానీ పోదు. దానికి లేజరో ఎలక్ట్రాలిసిస్సో చేయించాలి. మన చామనఛాయ చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్డీ-యాగ్ లేజర్ సురక్షితం. తెల్లచర్మానికి సరిపడే తక్కువ తరంగదైర్ఘ్యపు లేజర్ వాడితే కాలిన మచ్చలు మిగలవచ్చు. గొంతులో ఏ మార్పూ రాదు. యవ్వనంలో మందమైన స్వరతంత్రులను ఎస్ట్రడయాల్ మళ్లీ పలచన చేయలేదు. దానికి స్పీచ్ థెరపీ ఉంది.

తేడా కొట్టేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. స్పైరనోలాక్టోన్ మూత్రం ఎక్కువగా తెప్పిస్తుంది, బీపీ తగ్గిస్తుంది, పొటాషియాన్ని మాత్రం ఒంట్లోనే నిలిపేస్తుంది. మన ఎండాకాలంలో కూర్చున్నచోటు నుంచి చటుక్కున లేస్తే కళ్లు తిరగడం ఇందువల్లే. అప్పుడు ఎవరైనా చెప్పే మొదటి సలహా కొబ్బరినీళ్లు. కానీ ఒక్క బోండంలోనే 500 మి.గ్రా.కు పైగా పొటాషియం ఉంటుంది. ఎప్పుడో ఒకటి తాగితే కొంప మునగదు. రోజుకు రెండు మూడు బోండాలు, బీపీకి టెల్మిసార్టన్, పైగా పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు, ఇవన్నీ కలిస్తే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. పొటాషియం పెరిగినట్టు ముందుగా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు, అందుకే పరీక్ష దాటవేయకూడదు. సైప్రోటిరోన్‌తో వచ్చే చిక్కు వేరు: ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే గడ్డలు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒకప్పుడు 50, 100 మి.గ్రా. ఇచ్చేవారు, ఇప్పుడు రోజుకు 10 మి.గ్రా. సరిపోతుందని 2022 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. దొరికేది 50 మి.గ్రా. మాత్రే అయితే నాలుగో వంతు చాలు.

డాక్టర్ దగ్గరికి వెళ్లలేనివారు, వెళ్లినా అవమానం ఎదురైనవారు, మందుల షాపులో మాలా-డి గర్భనిరోధక మాత్రలు కొనుక్కోవడం తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. చౌక, చీటీ అడగరు. అందులో ఉండేది ఎస్ట్రడయాల్ కాదు, 0.03 మి.గ్రా. ఎథినైల్ ఎస్ట్రడయాల్. కాలేయం దీన్ని తేలిగ్గా విరగ్గొట్టలేదు, అందుకే రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి. ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్‌లో ఒకప్పుడు ఇదే మందు రోజుకు 0.1 మి.గ్రా. ఇచ్చేవారు. రక్తనాళాల్లో గడ్డలు బాగా ఎక్కువగా కనిపించడంతో మానేశారు. రోజుకు మూడు నాలుగు మాలా-డి మాత్రలు మింగితే ఇంచుమించు ఆ మోతాదే అవుతుంది. దాంట్లోని లెవోనార్జెస్ట్రెల్‌కు కొంత పురుష హార్మోన్ గుణం కూడా ఉంది, పట్టీ చివరి ఏడు మాత్రలు ఉత్త ఐరన్. సిగరెట్ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. పొగ తాగేవారికి, 45 దాటినవారికి మాత్ర కన్నా ప్యాచ్ లేదా జెల్ మంచిది, అది కాలేయాన్ని తాకకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. ఏ మందు వాడుతున్నా సరే, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తపరీక్ష ఎప్పుడు చేయించామన్నదీ లెక్కే. ఇంజెక్షన్ తీసుకునేవారు రెండు ఇంజెక్షన్లకు సరిగ్గా మధ్యలో రక్తం ఇవ్వాలి. మాత్ర నాలుక కింద పెట్టుకున్న గంటకే ఇస్తే ఎస్ట్రడయాల్ అంకె ఆకాశానికి ఎక్కుతుంది, సాయంత్రానికి అదే మనిషికి అడుగున ఉంటుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. కొన్ని యంత్రాల్లో అది హార్మోన్ల అంకెలను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది. టెస్టోస్టిరాన్‌ను కొన్ని ల్యాబులు డెసిలీటరుకు, కొన్ని మిల్లీలీటరుకు లెక్కేస్తాయి: ఒకచోట 50 అన్నది ఇంకోచోట 0.5. కొలమానం చూడకుండా రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని కంగారుపడేవారు చాలామంది.

హిజ్రా సమాజంలో నిర్వాణం (పురుషాంగం, వృషణాలు తీసేయడం) అయినవారి లెక్క వేరు. వృషణాలు తీసేశాక అడ్డుకట్ట మందు అవసరమే లేదు, ఆపేయాలి. ఎస్ట్రడయాల్ మాత్రం మానకూడదు. రెండు హార్మోన్లలో ఏదీ లేకుండా ఏళ్లు గడిస్తే ఎముకలు గుల్లబారతాయి.

మొదటి మాత్రకు ముందే తేల్చుకోవాల్సింది సంతానం సంగతి. వీర్యకణాలు ఎప్పటికి, ఎంత తగ్గుతాయో ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుంది. మందులు ఆపినా తిరిగి వస్తాయన్న హామీ లేదు. అలాగని అది గర్భనిరోధకంగానూ పనికిరాదు. పిల్లలు కావాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా, చికిత్స మొదలుపెట్టకముందే వీర్యాన్ని బ్యాంకులో భద్రపరచుకోవాలి. ఒక్కసారి ఇచ్చింది చాలకపోవచ్చు, రెండు మూడు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు ఇవ్వమంటారు. అప్పటికే మందులు మొదలుపెట్టినవారైతే కొన్ని నెలలు ఆపి, వీర్యపరీక్ష చేయించి, కణాలు కనిపించాకే ఇవ్వగలుగుతారు. ఆ నెలల్లో జిడ్డు, పొద్దుటి అంగస్తంభన అన్నీ తిరిగి వస్తాయి. చాలామందికి భరించలేనిది అదే.