కవరు విప్పకముందే విజేత పేరు ఎలా తెలిసిపోతోంది? ఆస్కార్ జోస్యాల వెనక కథ

2023 మార్చి 13, సోమవారం పొద్దున్న గుర్తుందా? నాటు నాటుకి వస్తుందా రాదా అని మనవాళ్ళు సగంమంది ఆఫీసులకి లేటుగా వెళ్ళిన రోజు. మా అమ్మ అయితే దేవుడి దగ్గర దీపం పెట్టి మరీ టీవీ ముందు కూర్చుంది. నేను మాత్రం పెద్దగా టెన్షన్ పడలేదు. ధీమా అనుకునేరు, అదేం కాదు. జనవరి 10న గోల్డెన్ గ్లోబ్, ఇంకో ఐదు రోజులకి క్రిటిక్స్ ఛాయిస్ వచ్చేశాయి, పోటీలో రిహానా, లేడీ గాగా ఉన్నా సరే అక్కడ లెక్కలు కట్టేవాళ్ళకి హాట్ ఫేవరెట్ మన పాటే. సీల్ వేసిన కవర్లో పేరు అన్ని రోజుల ముందే బయట ఎలా తిరుగుతుంది అని అమ్మ అడిగింది, లీక్ చేస్తారా అని. లీకేం కాదు. లీక్ ఒకప్పుడు జరిగింది, ఆ కథ వేరు.

మొట్టమొదటి ఆస్కార్ ఫంక్షన్ 1929 మే 16న హాలీవుడ్ రూజ్‌వెల్ట్ హోటల్లో. ప్రైజులు ఇవ్వడం పావుగంటలో అయిపోయింది, ఎందుకంటే విజేతలెవరో మూడు నెలల ముందే చెప్పేశారు, ఇంక సస్పెన్స్ ఎక్కడిది. తర్వాత పద్ధతి మార్చి, ఆ రాత్రిదాకా గుట్టుగా ఉంచి, పత్రికలకి మాత్రం ముందుగా పేర్లిచ్చి రాత్రి 11 తర్వాతే వేసుకోండి అనేవాళ్ళు. పదేళ్ళు బాగానే నడిచింది. 1940లో, అదే గాన్ విత్ ద విండ్ ఏడాది, లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఆగలేక సాయంత్రం ఎడిషన్లోనే వేసేసింది, ఫంక్షన్‌కి వస్తున్న గెస్టులు ఎవరు గెలిచారో చదువుకునే లోపలికొచ్చారు. దాంతో ఒళ్ళు మండి 1941 నుంచి సీల్డ్ కవర్లు పెట్టారు. ఓట్ల లెక్క మాత్రం 1935 నుంచే ప్రైస్ వాటర్‌హౌస్ అనే ఆడిటింగ్ కంపెనీ చేతిలో ఉంది, అంతకుముందు హీరోయిన్ బెట్టీ డేవిస్‌కి నామినేషన్ కూడా రాలేదని పెద్ద గొడవ అయింది లెండి.

కవరు మూశారు కాబట్టే జోస్యం పుట్టిందని నా లెక్క.

ఇక ప్రచారం సంగతి. ఈ మధ్యే మొదలైందనుకుంటారు గానీ 1961లోనే పరాకాష్ట చూశారు వాళ్ళు. ద అలామో అనే జాన్ వేన్ సినిమాలో చిల్ విల్స్ అనే సహాయ నటుడికి నామినేషన్ వచ్చింది. ఆయన సినిమావాళ్ళు చదివే ట్రేడ్ పేపర్లో వందల మంది ఓటర్ల పేర్లు అచ్చేయించి, మీరంతా నా కజిన్సే, గెలిచినా ఓడినా మీరంటే నాకిష్టం అని యాడ్ ఇచ్చాడు. దానికి కమెడియన్ గ్రౌచో మార్క్స్ తిరిగి యాడ్ ఇచ్చాడు, మీ కజిన్ అయినందుకు సంతోషమే గానీ నా ఓటు వేరేవాడికి వేశాను అని! ఇంకో యాడ్లో అయితే నిజం యుద్ధంలో అలామో కోటలో ప్రాణాల కోసం ప్రార్థించిన వాళ్ళకన్నా గట్టిగా మేం విల్స్ కోసం ప్రార్థిస్తున్నాం అని రాశారు, అది చదివి జాన్ వేనే ఇది నా పని కాదు బాబోయ్ అని చేతులు దులుపుకున్నాడు. విల్స్ ఓడిపోయాడు.

తర్వాత సినిమాని క్యాసెట్లో పెట్టి ఓటర్ల ఇంటికే పంపే పద్ధతి వచ్చింది, 90ల్లో మిరామాక్స్ అనే సినిమా కంపెనీవాళ్ళు, అంటే హార్వీ వైన్‌స్టీన్, ఈ వ్యవహారాన్ని మన బైఎలక్షన్ లెవెల్‌కి తీసుకెళ్ళారు. 1999లో అందరూ సేవింగ్ ప్రైవేట్ రయాన్ అనుకున్నారు, స్పీల్‌బర్గ్‌కి బెస్ట్ డైరెక్టర్ వచ్చింది కూడా, బెస్ట్ పిక్చర్ మాత్రం షేక్‌స్పియర్ ఇన్ లవ్ ఎగరేసుకుపోయింది. ఆ రోజు తర్వాత సినిమా ఎంత బాగుంది అనేది ఒక లెక్క, ఎంత గట్టిగా తిరిగారు అనేది ఇంకో లెక్క అయిపోయింది, జోస్యం చెప్పేవాళ్ళు రెండూ చూడాల్సొచ్చింది. మరుసటేడు, 2000లో, గోల్డ్ డెర్బీ అని కేవలం అవార్డుల జోస్యాలకే ఒక వెబ్‌సైట్ పుట్టింది, ఎమ్మీల్లాంటి టీవీ అవార్డులు కూడా కలిపి, గుర్రప్పందేల్లాగా ఎవరిమీద ఎంత అని.

అయితే ఆ లెక్క ఎందుకు పనిచేస్తుందంటే, హాలీవుడ్లో నిర్మాతలకి ఒక గిల్డ్, అంటే సంఘం, డైరెక్టర్లకి ఒక గిల్డ్, నటులకి ఒకటి ఉన్నాయి, అవన్నీ ఆస్కార్‌కి ముందే వాళ్ళ వాళ్ళ అవార్డులు ఇచ్చేస్తాయి, ఆ గిల్డుల్లో ఉన్నవాళ్ళలో కొంతమంది ఆస్కార్‌కి ఓట్లేసే అకాడమీలో కూడా సభ్యులే. అంటే ఇది ఎగ్జిట్ పోల్ కన్నా నయం, అక్కడ ఓటేసిన చెయ్యే ఇక్కడా వేస్తుంది. డైరెక్టర్స్ గిల్డ్ అవార్డు వచ్చినవాళ్ళకి ఆస్కార్ బెస్ట్ డైరెక్టర్ రాకపోవడం 1948 నుంచి 2025 దాకా ఎనిమిదిసార్లే జరిగింది. గోల్డెన్ గ్లోబ్ అలా కాదు, 2021లో చూస్తే దాన్ని ఇచ్చేది 80 చిల్లర మంది విదేశీ జర్నలిస్టులు, వాళ్ళలో ఒక్క నల్లజాతి మనిషీ లేడని బయటపడి 2022లో అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీ టెలికాస్టే మానేసింది. అయినా ముందుగా వచ్చే పెద్ద ఫంక్షన్లలో ఒకటి కాబట్టి గాలి ఎటు వీస్తోందో దాంతోనే మొదలవుతుంది.

మన ఆర్ఆర్ఆర్ వాళ్ళు పట్టుకున్న దారి అదే. ఫిల్మ్ ఫెడరేషన్ వాళ్ళు ఇండియా ఎంట్రీగా గుజరాతీ సినిమా ఛెల్లో షోని పంపారు (మన తెలుగుకి ఆ ఛాన్స్ 1986లో స్వాతిముత్యానికి వచ్చింది), మనవాళ్ళు ఎంతగా తిట్టుకున్నారో తెలిసిందే కదా. కానీ అప్పటికే వేరియన్స్ ఫిల్మ్స్ అనే అమెరికా డిస్ట్రిబ్యూటర్ 2022 జూన్ 1న ఒక్క రాత్రికి వందకు పైగా థియేటర్లలో మళ్ళీ వేసి ఉన్నాడు, మనవాళ్ళు కాని జనం లేచి డాన్సులేశారు, అదీ అసలు మలుపు. డిసెంబర్లో న్యూయార్క్ క్రిటిక్స్ రాజమౌళికి బెస్ట్ డైరెక్టర్ ఇచ్చారు. మధ్యలో వెరైటీ పత్రిక జోస్యాల లిస్టులో ఎన్టీఆర్ పేరు కనబడేసరికి ఇక్కడ నామినేషనే వచ్చేసినంత హడావుడి చేశాం. నిజానికి ఆ లిస్టులు రావచ్చు, ఛాన్సుంది, చూద్దాం అని రకరకాలుగా ఉంటాయి, మనం చూద్దాంని కూడా వచ్చేసింది అని చదువుకున్నాం. చివరికి వచ్చిన నామినేషన్ పాటకి ఒక్కదానికే. ప్రచారానికి 80 కోట్లు పెట్టారని తమ్మారెడ్డి భరద్వాజ గారు అనడం, రాఘవేంద్రరావు గారు గట్టిగా జవాబివ్వడం, తర్వాత రాజమౌళి కొడుకు కార్తికేయ ఎనిమిదిన్నర కోట్లే అని చెప్పడం, అదో ఎపిసోడ్.

ఇన్ని గిల్డులున్నా బెస్ట్ పిక్చర్ దగ్గరే జోస్యం బోల్తా కొడుతుంది. కారణం ఓటింగ్ పద్ధతి. డార్క్ నైట్‌కి బెస్ట్ పిక్చర్ నామినేషన్ రాలేదని గోల అయ్యాక, 2009లో అకాడమీ ఆ లిస్టుని ఐదు నుంచి పదికి పెంచింది, పెంచుతూ ఓటు వేసే తీరు మార్చింది. ఒక్క సినిమాకి టిక్కు పెట్టడం కాదు, అన్నింటికీ 1, 2, 3 అని ర్యాంకులు రాయాలి, అందరికన్నా తక్కువ వచ్చిన సినిమాని తీసేసి దాని ఓట్లు తర్వాతి ర్యాంకుకి వేస్తూ పోతారు, ఒకదానికి సగం దాటేదాకా. ఆఫీసులో లంచ్‌కి పోదాం అంటే నలుగురు బిర్యానీ బిర్యానీ అని గొడవ చేస్తారు, మిగతావాళ్ళకి అది అస్సలు వద్దు, ఆఖరికి కొందరికి మొదటి ఛాయిస్, మిగతా చాలామందికి రెండో ఛాయిస్ అయిన టిఫిన్ సెంటర్‌కి వెళ్తాం చూడండి, అలాగన్నమాట. అందుకే వీరాభిమానులూ విసుక్కునేవాళ్ళూ సమానంగా ఉన్న సినిమాకి ఇక్కడ కష్టం. 2017లో 14 నామినేషన్ల లా లా ల్యాండ్ మూన్‌లైట్ చేతిలో ఓడింది, అదీ తప్పు కవరు ఇచ్చి, చదివి, స్టేజి మీదికి పిలిచాక! 2020లో నిర్మాతల గిల్డ్, డైరెక్టర్ల గిల్డ్ రెండూ 1917 అనే సినిమాకి ఇస్తే ఆస్కార్ పారాసైట్‌కి వెళ్ళింది.

జోస్యాన్ని అకాడమీవాళ్ళే నమ్ముకుని దెబ్బతిన్నది మాత్రం 2021 ఏప్రిల్లో. నటుడు చాడ్విక్ బోస్‌మన్ అంతకుముందేడు చనిపోయాడు, గోల్డెన్ గ్లోబ్, నటుల గిల్డ్ రెండూ ఆయనకే, ఇంక ఆస్కార్ కూడా ఆయనకేనని ఊరంతా అనుకుంది. షో చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి ఆఖరున ఇచ్చే బెస్ట్ పిక్చర్‌ని ముందుకి జరిపి, బెస్ట్ యాక్టర్‌ని చివరికి పెట్టారు, అందరూ కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్తారని అనుకున్నారు కాబోలు. కవరు విప్పితే ఆంథనీ హాప్‌కిన్స్. 83 ఏళ్ళ పెద్దాయన అక్కడ లేడు, వేల్స్‌లో నిద్రపోతున్నాడు. కవరు విప్పిన వాకీన్ ఫీనిక్స్ ఆయన తరఫున అకాడమీయే తీసుకుంటుందని ముక్తసరిగా చెప్పేశాడు, షో అంతటితో అయిపోయింది.