ఊరవతల వేసిన రోడ్డు, ఊళ్లో కడుతున్న టోల్: ఓఆర్ఆర్ వెనక కథ

పొద్దున తొమ్మిదింటికి నానక్‌రాంగూడ ఎగ్జిట్ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ఈ రోడ్డు సంగతి సగం అర్థమైపోతుంది. కొల్లూరు వైపు నుంచీ శంషాబాద్ వైపు నుంచీ వచ్చిన కార్లు ర్యాంపు దిగుతూ టోల్ లేన్లలోకి సర్దుకుంటాయి. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ స్టిక్కర్‌ని పైనున్న యాంటెన్నా చదువుతుంది. గేటు లేస్తుంది, ఫోన్లో టింగుమని మెసేజ్ వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. గేటు లేవకపోతే మాత్రం వెనక పది హారన్లు. బ్యాలెన్స్ అయిపోయినాయన అక్కడికక్కడే రీచార్జి చేసి, అది ఎక్కేదాకా ఎవరి మొహమూ చూడలేక స్టీరింగ్ వైపే చూస్తూ కూర్చుంటాడు.

ఈ కార్లలో ఎక్కువ భాగం ఆఫీసుకు వెళ్లేవే. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) వేసింది మాత్రం హైదరాబాద్‌తో పని లేకుండా పక్కనుంచి వెళ్లిపోయే బళ్ల కోసం. టోల్ మీద ఇవాళ్టి గొడవలు, అంటే రేట్లు, లీజు, పాసులు, చాలామటుకు ఈ తేడాలోంచే పుట్టాయని నా లెక్క.

2000ల మొదట్లో నాగ్‌పూర్ నుంచి బెంగళూరు పోయే లారీ మేడ్చల్ మీదుగా వచ్చి ఊళ్లో పడాల్సిందే. విజయవాడ నుంచి ముంబై పోయే లారీ ఎల్బీ నగర్‌లో దూరి పటాన్‌చెరులో తేలాల్సిందే. అప్పటికే ఇన్నర్ రింగ్ రోడ్డు ఒకటుంది. మెహదీపట్నం, ఆరాంఘర్, ఎల్బీ నగర్, ఉప్పల్, తార్నాక. ఈ పేర్లు విన్నవాళ్లెవరూ అది ఊరి బయట రోడ్డని నమ్మరు. వేసేనాటికి బయటే ఉంది, చూస్తుండగానే ఊరు దాన్ని మింగేసింది.

ఈలోగా ఊరి బరువు పడమటికి జరిగింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. బేగంపేట విమానాశ్రయం చాలదని శంషాబాద్‌లో కొత్తది కట్టడం మొదలుపెట్టారు, 2008 మార్చిలో అది తెరుచుకుంది. గచ్చిబౌలి కంపెనీలకూ ఆ విమానాశ్రయానికీ మధ్య సరైన దారి లేదు. కాబట్టి లారీలను తప్పించడం ఒక అవసరమైతే, ఐటీని విమానాశ్రయానికి కలపడం ఇంకో అవసరం. మొదట వేసిన ముక్క ఏదో చూస్తే ఏది ముందో తెలిసిపోతుంది.

2005 చివర్లో ఈ పనికోసం పెట్టిన సంస్థ పేరు హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్. పేరులో రోడ్డు అన్న మాటే లేదు. రోడ్డుకు రెండు పక్కలా కిలోమీటరు మేర గ్రోత్ కారిడార్‌గా గుర్తించి, అక్కడి కట్టడాలకు 2008లో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. లారీలు పోవడానికి బైపాస్ వేస్తూనే, దాని పక్కన ఊరు పెరగాలని కూడా కోరుకున్నారన్నమాట. ఊరు వచ్చి రోడ్డు మీద పడిందని తర్వాత ఆశ్చర్యపోవడానికేమీ లేదు, పిలిచింది మనమే.

భూసేకరణ మామూలుగానే గొడవగా సాగింది. అలైన్‌మెంట్ అటు తిప్పారు, ఇటు తిప్పారు, ఫలానావాళ్ల భూములు తప్పించారు అన్న ఆరోపణలతో అప్పటి ఉమ్మడి అసెంబ్లీ దద్దరిల్లింది. గీత ఒక ఫర్లాంగు జరిగితే ఒకరి పొలం పోతుంది, ఇంకొకరి పొలం కోట్లు పలుకుతుంది. 2023 ఆగస్టులో కోకాపేటలో వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. అక్కడికి కాస్త దూరంలోనే ఎగ్జిట్ ఉంది.

డబ్బు మూడు దారుల్లో తెచ్చారు. గచ్చిబౌలి-శంషాబాద్ ముక్కకు బ్యాంకుల అప్పు. నార్సింగి నుంచి పటాన్‌చెరు, శంషాబాద్ నుంచి పెద్ద అంబర్‌పేట ముక్కలకు యాన్యుటీ పద్ధతి: కాంట్రాక్టరే పెట్టుబడి పెట్టి కడతాడు, ప్రభుత్వం ఏళ్ల తరబడి వాయిదాల్లో తీరుస్తుంది, బళ్లు తిరిగినా తిరగకపోయినా అతనికి చింత లేదు. ఇక పటాన్‌చెరు నుంచి మేడ్చల్, ఘట్‌కేసర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దాకా ఉత్తరపు అర్ధచంద్రానికి జపాన్ అప్పు, అక్కడి ప్రభుత్వ సంస్థ జైకా ద్వారా. ఇన్ని అప్పులతో వేసిన రోడ్డుకు టోల్ తప్పదని మొదటినుంచీ తెలిసిందే.

2008 నవంబర్ 14న గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా 22 కిలోమీటర్లు తెరిచారు. నెహ్రూ పుట్టినరోజు, రోడ్డుకూ ఆయన పేరే. మరుసటి ఏడు అక్టోబర్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. విమానాశ్రయానికి అదో దారి, దానికి టోల్ లేదు. అప్పట్లో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఊళ్లో ఫ్లైఓవర్‌కి ఎవరైనా డబ్బులడుగుతారా? ఊరి బయట ఎక్స్‌ప్రెస్‌వేకి అడుగుతారు. ఇవాళ రెండూ ఊళ్లోనే ఉన్నాయి.

మిగతా ముక్కలు ఒక్కొక్కటిగా అతుక్కుంటూ వచ్చాయి. కండ్లకోయ దగ్గర కిలోమీటరు పైచిలుకు ముక్క మాత్రం ఏళ్లకేళ్లు ఆగిపోయి, రాష్ట్రం విడిపోయాక, 2018 మే 1న తెరుచుకుంది. అప్పుడుగానీ రింగు రింగు కాలేదు.

ఇక టోల్. జాతీయ రహదారి మీద గేటు అడ్డంగా ఉంటుంది. దాటితే కట్టాలి, అంతకుముందు పది కిలోమీటర్లు తిరిగావా అరవై తిరిగావా అన్నది దానికి అనవసరం. ఓఆర్ఆర్ అలా కాదు. ఎక్కేచోట నీ బండి ఎక్కిందని రాసుకుంటారు, దిగేచోట దూరం లెక్కగట్టి తీసుకుంటారు. ఫాస్టాగ్‌కి ముందు ఎక్కేచోట చీటీ చేతికిచ్చేవాళ్లు. దాన్ని సన్‌వైజర్‌లో దోపుకుని, దిగేటప్పుడు కనబడక కారంతా వెతికిన బాధ అప్పటివాళ్లకు తెలుసు.

దేశంలో ఫాస్టాగ్ 2014లో అహ్మదాబాద్-ముంబై దారిలో మొదలైంది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారులపై తప్పనిసరి చేశారు, అప్పట్లో లేకపోతే రెట్టింపు. క్యూ తగ్గించడమే దీని పని, ఆ పని బాగానే చేసింది. సంక్రాంతి ముందు పెద్ద అంబర్‌పేట దిగి విజయవాడ వైపు తిరిగినవాళ్లకు పంతంగి గేటు దగ్గర ఇంకా గంటలు గడుస్తాయనుకోండి, అది వేరే సంగతి. ఫాస్టాగ్ చేసిన ఇంకో పని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రతి బండీ ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగిందో పక్కాగా లెక్క తేలింది. లెక్క తేలిన ఆదాయాన్ని అమ్మడం సులువు.

ఈ పద్ధతి పేరు టీఓటీ. వేసేసిన రోడ్డును కొన్నేళ్లకు అప్పగించి, రాబోయే టోల్ బదులు డబ్బంతా ముందే తీసుకోవడం. కేంద్రం 2018లో మొదటి విడతగా ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రహదారి ముక్కలను ఆస్ట్రేలియా సంస్థ మెక్వారీకి సుమారు 9,681 కోట్లకు ఇచ్చింది. అదే దారిలో 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఓఆర్ఆర్‌ను 30 ఏళ్లకు 7,380 కోట్లకు ఐఆర్‌బీ సంస్థకు ఖాయం చేసింది. ఆగస్టులో రోడ్డు చేతులు మారింది.

అప్పుడు పీసీసీ అధ్యక్షుడిగా ఉన్న రేవంత్ రెడ్డి, కారుచవకగా ఇచ్చేశారని ఆరోపించారు. టెండరు పద్ధతిగానే జరిగిందని అప్పటి ప్రభుత్వం చెప్పింది. అదే డిసెంబర్‌లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు, 2024 డిసెంబర్‌లో అసెంబ్లీలో సిట్ విచారణ ప్రకటించారు. టీ కొట్టు దగ్గర దీనిమీద వినబడే భాగహారం ఒకటుంది: 7,380ని 30తో భాగిస్తే ఏడాదికి 246 కోట్లు, ఇంతేనా? ఆ లెక్క సరికాదు. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే రూపాయి, ఇవాళ చేతిలో పడే రూపాయి ఒకటి కావు. అడగాల్సింది ట్రాఫిక్ ఎంత పెరుగుతుందని అంచనా వేశారు, ఎంత వడ్డీ రేటు వేసుకున్నారు అని. ఊరే వచ్చి రోడ్డుకు ఆనుకున్నాక, లారీలను చూసి వేసిన అంచనా నిలబడదు.

రేట్లు ఏటా ఏప్రిల్‌లో సవరిస్తారు. 2025 ఏప్రిల్ 1న కారుకు కిలోమీటరుకు 2 రూపాయల 44 పైసలు చేశారు, అంతకుముందు 2.34. ఆ రేటుకు రింగంతా తిరిగితే 385 రూపాయలు. ఏడాదికోసారి తిరిగేవాడికి ఇదేం బరువు కాదు. రోజూ రానూపోనూ 30 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి, ఏ తగ్గింపూ లేకుండా లెక్కేస్తే, రోజుకు 73 రూపాయలు, నెలలో 22 పనిదినాలకు 1,600 పైచిలుకు. ఏడాదికి 19 వేలు దాటుతుంది.

దీని పక్కన ఫాస్టాగ్ వార్షిక పాస్ పెట్టి చూడండి. 2025 ఆగస్టు 15న కేంద్రం తెచ్చింది, తెచ్చినప్పుడు 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు. అంటే ట్రిప్పుకు 15. పాస్ కొనుక్కుని ఓఆర్ఆర్ ఎక్కి, దిగేటప్పుడు డబ్బు కట్ అయితే బిత్తరపోయినవాళ్లు ఉన్నారు. ఆ పాస్ జాతీయ రహదారులకూ జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే. ఓఆర్ఆర్ రాష్ట్రానిది, స్టిక్కర్ ఒకటే అయినా గల్లాపెట్టెలు వేరు. టోల్ వద్దనుకుంటే పక్కన సర్వీస్ రోడ్డు ఉంది, పైకి ఎక్కనివ్వని బైకులు, ఆటోలతో కలిసి పోవాలి.

గేట్లే లేకుండా, పైన కెమెరాలూ యాంటెన్నాలతో పరుగు మీదే టోల్ తీసుకునే పద్ధతి కూడా వస్తోంది. గుజరాత్‌లోని చోర్యాసీ దగ్గర పెట్టడానికి 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. అది ఇక్కడికీ వస్తే నానక్‌రాంగూడలో గేటు ముందున్న క్యూ పోతుంది. గేటు దాటాక ఉన్న క్యూని ఏ యాంటెన్నా తీయలేదు.

2025 చివర్లో ఓఆర్ఆర్ లోపలా అంచునా ఉన్న 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. ఇన్నర్ రింగ్‌కు పట్టిన గతే దీనికీ పట్టింది, ఈసారి ప్రభుత్వ ఉత్తర్వు సాక్షిగా. తేడా ఏమిటంటే, ఇన్నర్ రింగ్ ఊళ్లోకి వచ్చినప్పుడు దానిమీద టోల్ లేదు, ముప్పై ఏళ్ల లీజూ లేదు.

కాబట్టి ఊరు తప్పించే రోడ్డు మళ్లీ కావాలి. దాని పేరు రీజనల్ రింగ్ రోడ్డు (ట్రిపుల్ ఆర్), సుమారు 340 కిలోమీటర్లు. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ మీదుగా చౌటుప్పల్ దాకా, దాదాపు 160 కిలోమీటర్లు. 2024 డిసెంబర్‌లో దానికి టెండర్లు పిలిచారు. ఈ రెండు రింగులనూ కలిపేందుకు రావిర్యాల నుంచి ఆమనగల్లుకు 41.5 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ (పూర్తిగా కొత్త దారిలో వేసే) రోడ్డుకు 2025 సెప్టెంబర్‌లో శంకుస్థాపన జరిగింది.

భువనగిరి పక్కన రాయగిరిలో రీజనల్ రింగ్‌కు భూములు పోతున్న రైతులు అలైన్‌మెంట్ మార్చమని ఏళ్లుగా అడుగుతున్నారు. 2023 జూన్‌లో వాళ్లలో కొందరిని చేతులకు బేడీలతో కోర్టుకు తెచ్చారు. ఆ పొలాల మీద ఇంకా తట్టెడు కంకర పడకముందే చుట్టుపక్కల వెంచర్ల ప్రకటనలు మొదలయ్యాయి: ట్రిపుల్ ఆర్ జంక్షన్‌కు ఐదు నిమిషాలు, ఓపెన్ ప్లాట్లు, లోన్ సౌకర్యం కలదు.