పీఠికలో మాట కన్నా 39(బి)లో వాక్యమే బరువు

పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో అచ్చయ్యే రాజ్యాంగ పీఠికను ఓసారి నిదానంగా చదవండి. పైన ‘సామ్యవాద, లౌకిక’ అని ఉంటుంది. చివర ఉండే తేదీ మాత్రం 1949 నవంబరు 26. ఆ రెండు మాటలూ వచ్చి చేరింది ఎమర్జెన్సీలో, 1976 నాటి 42వ సవరణతో. పాత తేదీ మీద కొత్త మాటలేమిటన్న అభ్యంతరాన్ని 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. టీవీ చర్చలు అక్కడితో ఆగిపోతాయి గానీ, అసలు తగవు పీఠికలో లేదు, సమాజపు వనరుల గురించి చెప్పే 39వ అధికరణలో ఉంది.

1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో కె.టి.షా ‘సామ్యవాద’ పదాన్ని మొదటి అధికరణలోనే పెట్టాలని సవరణ తెచ్చారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజం ఏ ఆర్థిక పద్ధతిలో బతకాలో రాబోయే తరాల వాళ్లే తేల్చుకుంటారు, ఇప్పుడే కట్టేయకూడదన్నది ఒక కారణం. ఆ భావాలు ప్రభుత్వాలకు దారి చూపే ఆదేశిక సూత్రాల్లో ఎలాగూ ఉన్నాయి, మళ్లీ దేనికన్నది రెండోది. కీలక పరిశ్రమలూ, వ్యవసాయమూ ప్రభుత్వ పరం కావాలని 1947లో ప్రతిపాదించింది ఆయనే. కాబట్టి దీన్ని సామ్యవాదం మీద విముఖత అనలేం.

ఆయన చూపించిన ముసాయిదా నిబంధనే నేటి 39వ అధికరణ. సమాజపు భౌతిక వనరుల యాజమాన్యం, అదుపు ఉమ్మడి మేలుకు పనికొచ్చేలా పంపిణీ కావాలంటుంది (బి). సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడి నలుగురికీ చేటు కాకూడదంటుంది (సి). తమాషా ఏమిటంటే, (బి) వాక్యం దాదాపు అక్షరాలా 1937 నాటి ఐర్లాండ్ రాజ్యాంగంలోది. కాథలిక్ భావాలున్న ఆ పత్రంలో ‘వ్యక్తుల మధ్య, వివిధ వర్గాల మధ్య’ పంపిణీ అని ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్క ఎగిరిపోయింది. ఎవరి మధ్య పంచాలో చెప్పకపోవడంతో, ప్రభుత్వమే తీసుకోవచ్చన్న అర్థానికి దారి తెరుచుకుంది.

అయితే ఆదేశిక సూత్రాలను కోర్టుల ద్వారా అమలు చేయించుకోలేం. ఆస్తి అప్పట్లో ప్రాథమిక హక్కు. బీహార్ భూసంస్కరణల చట్టం చిన్న జమీందారుకు నికరాదాయానికి 20 రెట్లు, అతి పెద్దవాళ్లకు 3 రెట్లే పరిహారమంది. ఇది సమానత్వానికి విరుద్ధమని 1951 మార్చిలో పాట్నా హైకోర్టు కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో మొదటి సవరణ వచ్చింది, అందులో చేర్చిన చట్టాలను ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులు కొట్టేయకుండా కాపాడే తొమ్మిదో షెడ్యూలు పుట్టింది. 13 చట్టాలతో మొదలైన ఆ జాబితాలోకి 1974లో ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం (1973) కూడా చేరింది.

1967లో మన రాజమండ్రివాడైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలో 6:5తో వచ్చిన గోలక్‌నాథ్ తీర్పు, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదంది. దానికి జవాబుగా 24, 25 సవరణలు వచ్చాయి. 25వది పెట్టిన 31సి అధికరణ 39(బి), (సి)లకు కోరలిచ్చింది: వాటి కోసం చేసిన చట్టాన్ని సమానత్వ హక్కు పేరుతో సవాలు చేయడం కుదరదు. ‘ఇది ఆ లక్ష్యం కోసమే’ అని చట్టంలో రాసుకుంటే కోర్టు ఆరా తీయరాదన్న భాగాన్ని మాత్రం కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు (1973) కొట్టేసింది. ఆ రక్షణను ఆదేశిక సూత్రాలన్నిటికీ పాకించిన 42వ సవరణ భాగం 1980లో మినర్వా మిల్స్ కేసులో పోయింది. ఈలోగా 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎ అధికరణ కింద మామూలు హక్కు స్థాయికి దించింది. అదే సవరణలో ‘సామ్యవాదం’ అంటే అన్ని రకాల దోపిడీల నుంచి విముక్తి అని నిర్వచించబోతే రాజ్యసభ అడ్డుకుంది. నిర్వచనం లేకపోయినా విధేయత తప్పదు: ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ ప్రకారం, మార్కెట్టే శరణ్యమనే పార్టీ అయినా రిజిస్టర్ కావాలంటే తన నియమావళిలో సామ్యవాదానికి కట్టుబడతానని రాయాల్సిందే.

ఇక మిగిలిన చిక్కు, ప్రైవేటు ఆస్తి ‘సమాజపు వనరు’ అవుతుందా అన్నది. 1977లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ అవుతుందన్నారు. అదే ధర్మాసనంలో మెజారిటీ ఆ మాటకు తాము కట్టుబడలేదని రాసింది. 1982లో బొగ్గు నుంచి కోక్ తీసే ప్లాంట్ల జాతీయీకరణ కేసులో మరో తెలుగు న్యాయమూర్తి ఓ.చిన్నపరెడ్డి ఆ మైనారిటీ మాటనే ఆధారం చేసుకున్నారు. చివరికి పరీక్షకు నిలిచింది ముంబయి పాత అద్దె భవనాల కేసు. నెల అద్దెకు వంద రెట్లు చెల్లించి భవనం తీసుకునే చట్టమది. 2024 నవంబరు 5న తొమ్మిది మంది ధర్మాసనం, ప్రతి ప్రైవేటు ఆస్తీ ఆ కోవలోకి రాదని మెజారిటీతో తేల్చింది. ఆ వనరు స్వభావం, సమాజంపై దాని ప్రభావం, కొరత, కొద్దిమంది చేతుల్లో పోగుపడితే వచ్చే ఫలితం చూడాలంది. కేశవానంద నిలబెట్టిన మేరకు 31సి బతికే ఉందని మాత్రం తొమ్మిది మందీ ఒక్క మాట మీద నిలిచారు.