ఫైటు ముఖ్యమా, కథ ముఖ్యమా? బరంపురం కుర్రకారు తగువు వెనుక నలభై ఏళ్ల చరిత్ర

ఒడిశాలోని బరంపురంలో నలుగురు తెలుగు కుర్రాళ్లు ఒకచోట చేరితే, సినిమా కబుర్లు అయ్యాక మాట వీడియో గేముల మీదికి, సూపర్‌హీరో సీరియళ్ల మీదికి మళ్లుతుంది. అక్కడే రెండు వర్గాలవుతారు. గేములో పాత్రలు మాట్లాడటం మొదలవగానే బటన్ నొక్కి దాటేసి తర్వాతి ఫైటుకు సిద్ధమయ్యేవారు ఒక వర్గం. ఆ మాటలు వినడానికే ఇన్ని ఫైట్లు గెలిచామనేవారు రెండో వర్గం. సీరియళ్ల దగ్గరకు వచ్చేసరికి వర్గాలు తారుమారవుతాయి. గేములో కథ వద్దన్నవాడే సీరియల్లో కథ నడవడం లేదని గొడవ పెడతాడు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఉన్న మన పిల్లల మధ్యా ఇదే తగువు.

పెద్దలు దీన్ని పనిలేని వాదన అనుకుంటారు. నాకు అలా అనిపించదు. కథ ఎలా చెప్పాలన్నది ఏ తరానికైనా పెద్ద ప్రశ్నే. కాకపోతే ఇటు కథ, అటు ఫైటు అంటూ వీళ్లు గీసుకున్న గీత ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే వాదన ఇంకాస్త పదునెక్కుతుంది. ఆ గీత గీయడంలో కథకుల పాత్ర తక్కువ. అప్పటి యంత్రాల శక్తి ఎంత, వాటి మీద డబ్బు ఎలా వచ్చేది అన్న లెక్కలే దాన్ని గీశాయి.

నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల కాలంలో ఆట కొద్ది నిమిషాల్లో ముగిస్తేనే యజమానికి లాభం. కథకు చోటెక్కడిది? అయినా 1981లో జపాన్‌లో షిగెరు మియమోతో రూపొందించిన 'డాంకీ కాంగ్'లో కథ ఉంది. గొరిల్లా ఒక యువతిని ఎత్తుకుపోయి ఇనుప దూలాల మీదికి ఎక్కుతుంది, ఒక వడ్రంగి ఆమె కోసం పైకి ఎక్కాలి. ఒక్క మాట లేదు. అంతా ఎక్కడంలో, దూకడంలోనే తెలుస్తుంది. సీతాపహరణం విన్నవాళ్లకు దీన్ని ఎవరూ వివరించనక్కర్లేదు కూడా. అంటే మొదట్లో కథ, ఆట ఒకే పనిగా ఉండేవి.

చీలిక తర్వాత వచ్చింది. 1987 నాటి 'కాంట్రా'నే తీసుకోండి. ఇంటి టీవీకి తగిలించి ఆడే గేముగా జపాన్‌లో అమ్మిన ప్రతిలో లెవెళ్ల మధ్య చిన్న కథా దృశ్యాలు ఉండేవి. అమెరికాకు పంపిన ప్రతిలో వాటిని తీసేశారు. ఫైటుకు లోటు రాలేదు, ఆట బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. 1993లో 'డూమ్' తయారవుతున్నప్పుడు ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థలో ఇదే చీలిక ఇంటిపోరుగా మారింది. టామ్ హాల్ ఆ గేము కోసం పాత్రలతో, ప్రదేశాలతో పెద్ద కథాపత్రం రాశాడు. ప్రోగ్రామింగ్‌లో ప్రధాన భారం మోసిన జాన్ కార్మాక్‌కు అది అనవసరం అనిపించింది. గేములో కథ అశ్లీల చిత్రంలో కథ లాంటిదనీ, ఉంటుందని ఎదురుచూస్తారు తప్ప అంత ముఖ్యం కాదనీ అతను అన్న మాట ఇప్పటికీ ఫైటు వర్గానికి వేదవాక్యం. గేము విడుదలకు ముందే హాల్ సంస్థను వదిలి వెళ్లాడు. 'డూమ్' చరిత్ర సృష్టించింది. గెలిచినవాడి మాట సిద్ధాంతమై కూర్చుంది.

ఐదేళ్లు తిరక్కుండానే దానికి రెండు జవాబులు వచ్చాయి, రెండూ 1998లోనే. మొదటిది 'హాఫ్-లైఫ్'. అందులో కెమెరా కథానాయకుడి కళ్లను దాటి బయటకు రాదు. అతను ఒక్క మాటా మాట్లాడడు. మొదట్లో చాలాసేపు ప్రయోగశాలలోకి వెళ్లే రైలుపెట్టెలో కూర్చుని చుట్టూ చూడటమే పని. చూసినదాన్నిబట్టి అక్కడేం జరుగుతోందో ఆటగాడే ఊహించుకోవాలి. రెండోది హిదెయో కొజిమా తీసిన 'మెటల్ గేర్ సాలిడ్'. సీడీల రాకతో గొంతులు, సంగీతం, పొడవైన దృశ్యాలు పట్టే వీలు కలిగింది. కొజిమా ఆ వీలును ఆఖరి బొట్టు వరకు వాడుకున్నాడు. 2008లో వచ్చిన నాలుగో భాగానికి ముగింపు దృశ్యాలే గంటకు పైగా సాగుతాయి. ఇవాళ మన కుర్రాళ్లు 'దాటేద్దాం', 'చూద్దాం' అని కొట్టుకునే కట్‌సీను, అంటే ఆట ఆగి కథ మాత్రమే నడిచే దృశ్యం, పూర్తిస్థాయిలో స్థిరపడింది ఈ దారిలోనే.

ఇదంతా బరంపురం ఉన్న గంజాం జిల్లాకు చేరిన తీరు వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం అటు చేరింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. ఆ తర్వాతి తరాల తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివారు. తొంభైల్లో టీవీకి తగిలించే ఎనిమిది బిట్ల గేములు వచ్చాయి. తర్వాత ఇంటర్నెట్ సెంటర్లలో 2002 నాటి 'గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ' వచ్చింది. వాటిలో ఏ ఒక్క వాక్యం కూడా తెలుగులో గాని ఒడియాలో గాని ఉండేది కాదు. వేగంగా దొర్లిపోయే అమెరికా యాస ఇంగ్లీషు ఎవరికి అర్థమవుతుంది? పైగా గంటకు ఇంత అని డబ్బు కట్టి కూర్చున్నప్పుడు మాటలు వినడం నష్టంగానే తోస్తుంది. చీట్ కోడ్లు (గేములో అడ్డదారి సంకేతాలు) కొట్టి, ట్యాంకు తెప్పించుకుని, ఊరంతా తిరిగి వచ్చేసేవారు. ఆ గేములో ఒక నేరసామ్రాజ్యం ఎదుగుదల కథ మొదటినుంచి చివరిదాకా ఉందని చాలామందికి చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

అందుకే, కట్‌సీను దాటేయడం ఇక్కడి పిల్లల అభిరుచి లోపం అనేవాళ్ల మీద నాకు కోపం. ఆ అలవాటును భాష నేర్పింది, గడియారం నేర్పింది. అర్థంకాని కథను తమకు తోచినట్టు అల్లుకున్నవాళ్లూ ఉన్నారు. 'డార్క్ సోల్స్' దర్శకుడు హిదెతాకా మియజాకి కూడా చిన్నప్పుడు ఇలాగే చదివినవాడు. పూర్తిగా అర్థంకాని ఇంగ్లీషు పుస్తకాల్లో తెలియని చోట్లను తన ఊహతో, బొమ్మల సాయంతో పూరించుకునేవాడినని ఆయనే చెప్పుకున్నాడు. 2011లో వచ్చిన 'డార్క్ సోల్స్' కథ చెప్పే పద్ధతి అదే. దొరికిన కత్తి కింద రెండు వాక్యాలు, కూలిన గోడ, ఒక శవం పడి ఉన్న తీరు. మిగతాది ఆటగాడే అల్లుకోవాలి.

టీవీ వైపు లెక్కలు మరో రకం. 1952లో మొదలైన అమెరికా సూపర్‌మ్యాన్ సీరియల్లో గాలిలో ఎగరడం ఖర్చుతో కూడిన పని కాబట్టి కథానాయకుడు ఎక్కువగా పత్రికా కార్యాలయంలోనే ఉండేవాడు. 1966లో బ్యాట్‌మ్యాన్ సీరియల్ వారానికి రెండు రాత్రులు వచ్చేది. మొదటి రాత్రి హీరోను ప్రమాదంలో వదిలేసి రెండో రాత్రికి రమ్మనేవారు. 1978 నాటి 'ఇన్‌క్రెడిబుల్ హల్క్'లో ఆ పచ్చని ఆకారం సాధారణంగా ఎపిసోడ్‌కు రెండుసార్లే కనిపించేది. మిగతా సమయమంతా ఊరూరా తలదాచుకునే ఒక మనిషి కథ. మాటలు ఎక్కువ, ఫైట్లు తక్కువ అన్న ఫిర్యాదుకు మూలం ఈ బడ్జెట్లలో ఉంది.

మన దేశంలో ఆ స్థానం 'శక్తిమాన్'ది. 1997 సెప్టెంబరు 13న దూరదర్శన్‌లో మొదలై 2005 దాకా నడిచింది. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన ఇళ్లలో కూడా పిల్లలు గంగాధర్ కళ్లజోడును, విలన్ తమ్రాజ్ కిల్విష్ కేకను మరిచిపోలేదు. పిల్లలు హీరోను అనుకరించి దెబ్బలు తగిలించుకుంటున్నారన్న ఆందోళన పెరిగాక, ఆ పాత్రధారి ముకేష్ ఖన్నా తెరమీదికి వచ్చి అలా చేయవద్దని నేరుగా చెప్పాల్సి వచ్చింది. ఎపిసోడ్ చివర మంచి మాటలు చెప్పే ఆ భాగం ఎంత అవసరమైనదైనా, నీతి ఒకచోట, ఫైటు మరోచోట అన్న అలవాటు అక్కడా పడిపోయింది.

గేములకూ టీవీకీ మధ్య వంతెన కట్టినవాళ్లలో పాల్ డీనీ పేరు తప్పక చెప్పుకోవాలి. 1992లో మొదలైన బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్లో అతను మిస్టర్ ఫ్రీజ్ అనే నాసిరకం విలన్‌కు జబ్బుపడిన భార్యను ఇచ్చాడు. దాంతో ఆ మనిషి చేసే ప్రతి దాడికీ దుఃఖం తోడైంది. అదే డీనీ 2009లో 'బ్యాట్‌మ్యాన్: అర్ఖమ్ అసైలమ్' గేముకు కథ రాశాడు. అందులో ఒక నడవా ఉంది. ఆటగాడు బ్యాట్‌మ్యాన్‌ను ముందుకు నడిపిస్తుంటే మతిభ్రమ కలిగించే విషవాయువు ప్రభావంతో గోడలు మారిపోయి, అది అతని తల్లిదండ్రులు హత్యకు గురైన సందు అవుతుంది. నడుస్తూ నడుస్తూనే అతను చిన్నపిల్లవాడైపోతాడు. ఆటగాడి చేతిలో ఉన్నది ముందుకు నడిపించే మీట ఒక్కటే. ఆ నడకలో కథ ఏది, ఆట ఏది అని విడదీయడం నా వల్ల కాదు.

టీవీలో అంతటి పట్టు 2015 ఏప్రిల్‌లో వచ్చిన 'డేర్‌డెవిల్' రెండో ఎపిసోడ్‌లో కనిపించింది. ఎత్తుకుపోయిన ఒక పిల్లవాడి కోసం అంధుడైన కథానాయకుడు ఇరుకు నడవాలోకి వస్తాడు. అప్పటికే ఒంటినిండా గాయాలు. కోత లేనట్టు సాగే ఒకే షాటులో కొడతాడు, దెబ్బలు తింటాడు, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటాడు, మళ్లీ తూలుతూ లేస్తాడు. పడిపోయినవాళ్లూ మళ్లీ లేచి వస్తారు. అతనెవరో చెప్పడానికి సంభాషణ అవసరం పడలేదు.

ఆ తర్వాత సీజన్లు కుదించుకుపోయాయి. 2012లో మొదలైన సూపర్‌హీరో సీరియల్ 'యారో' తొలి సీజన్లకు ఒక్కోదానికి 23 ఎపిసోడ్లు. ప్రకటనల ఆదాయం మీద బతికే చానల్‌కు వారాలు నింపాలి కాబట్టి కథకు సంబంధం లేని ఎపిసోడ్లు తప్పలేదు. 2021 జూన్‌లో వచ్చిన 'లోకి'కి ఆరే ఎపిసోడ్లు. పైగా తెలుగు డబ్బింగ్‌తో రావడంతో సరిహద్దు జిల్లాల ఇళ్లలో తల్లిదండ్రులూ పక్కన కూర్చుని చూడగలిగారు. ఇప్పుడు ఫిర్యాదు తిరగబడింది: సినిమాకు సరిపోయే కథను ఆరు ముక్కలు చేశారంటున్నారు.

గేముల వైపు ఈ పోట్లాటకు సరైన మాటలు దొరికింది 2007లో. ఆ ఏడాది వచ్చిన 'బయోషాక్' మీద రాస్తూ గేమ్ డిజైనర్ క్లింట్ హాకింగ్, కథ ఒకటి చెబుతుంటే ఆట మరొకటి చేయిస్తోందని ఎత్తిచూపి, దానికి 'లూడోనరేటివ్ డిసొనెన్స్' (ఆటకూ కథకూ పొంతన లేకపోవడం) అని పేరు పెట్టాడు. అప్పటినుంచి 'అన్‌చార్టెడ్' కథానాయకుడు నేథన్ డ్రేక్‌కు ఈ విమర్శ తప్పలేదు. మాటల్లో సరదా మనిషి, ఆటలో వందలమందిని కాల్చేస్తాడు. 2016 నాటి నాలుగో భాగంలో వెయ్యిమంది శత్రువులను ఓడించినవారికి ఇచ్చే పతకానికి తయారీదారులు హాకింగ్ వాడిన పేరునే పెట్టారు. విమర్శను నవ్వేసి వదిలేయడం నాకు నచ్చలేదు. జవాబు అంతకుముందే, 2005లో, ఫుమితో ఉయేదా 'షాడో ఆఫ్ ది కొలోసస్'లో ఇచ్చి ఉన్నాడు. అందులో ఫైట్లు పదహారే. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి కథానాయకుడు పదహారు మహాకాయాలను చంపాలి. చంపినకొద్దీ అతని ఒళ్లు నల్లబడుతుంది. ఒక్కొక్కటి కూలుతుంటే గెలిచిన ఆటగాడికే గిల్టీగా అనిపిస్తుంది. 2018 నాటి 'గాడ్ ఆఫ్ వార్'లో కథానాయకుడు క్రేటోస్ తన కొడుకుతో జింకను వేటాడించాక, వణికిపోతున్న పిల్లవాడి భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంటాడు. ఆ తర్వాత ఆటంతా ఆ పిల్లవాడు బాణాలతో తండ్రికి సాయంగా నిలబడే ఫైట్లే. అవి సాగేకొద్దీ వాళ్ల మధ్య దూరం తగ్గుతుంది.

మన ప్రాంతం వాళ్లకు ఇది కొత్త పాఠం కానక్కర్లేదు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరుతో పందొమ్మిదో శతాబ్దినుంచి నిలిచిన 'ప్రహ్లాద నాటకం' గంజాంలో ఇప్పటికీ ఆడతారు. మెట్లుమెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు దర్పంగా దిగుతూ ఎక్కుతూ ఉంటే రాత్రంతా జనం కదలరు. చివరికి స్తంభం చీలుతుందని పసిపిల్లలకూ తెలుసు. ముందే తెలిసిన కథ పాడైపోయిందని ఎవరూ లేచి వెళ్లరు. నరసింహుడి ముఖం ధరించిన మనిషి ఆవేశంతో ఊగిపోతుంటే పక్కవాళ్లు పట్టి ఆపుతారు. ఆ ఘట్టాన్ని ఫైటు అనాలా, కథ అనాలా? కథలో ఏం జరుగుతుందో ముందే చెప్పేశారని స్నేహాలు తెంచుకునే కుర్రాళ్లు ఒక్క రాత్రి ఆ నాటకం ముందు కూర్చుంటే బాగుండునని నాకు మనస్ఫూర్తిగా అనిపిస్తుంది.

మొబైల్ గేములు ఈ వాదనను కొంతకాలం పక్కకు నెట్టాయి. పబ్‌జీలో రాసిపెట్టిన కథంటూ ఏమీ లేదు. వందమంది దిగి ఒక్కరు మిగులుతారు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించాక కొందరు పాత కథాగేముల వైపు మళ్లారు, ఎక్కువమంది మరో అలాంటి గేములోకి వెళ్లారు.

తగువు మళ్లీ భగ్గుమన్నది 'ది లాస్ట్ ఆఫ్ అస్'తో. 2013లో గేముగా వచ్చి, 2023 జనవరిలో టీవీ సీరియల్ అయింది. 2020 నాటి రెండో గేములో, మనం ప్రేమించిన పాత్రను చంపిన యువతి మీద పగతో రగులుతుండగా, సగం దారిలో ఆట మనల్నే ఆ యువతిగా మార్చేస్తుంది. ఆమె కారణం ఏమిటో అప్పుడు గాని పూర్తిగా అర్థం కాదు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన రెండో సీజన్ అదే కారణాన్ని మొదటి ఎపిసోడ్ మొదట్లోనే చెప్పేసింది. గేము ఆడినవాళ్లు దీన్ని ద్రోహం అన్నారు. సీరియల్‌తోనే మొదలుపెట్టినవాళ్లకు అందులో తప్పేమీ కనిపించలేదు. నా లెక్కలో సీరియల్ వాళ్లకు మరో దారి లేదు. గేము ఆ యువతి కాళ్లతో మనల్ని గంటలతరబడి నడిపించగలదు, ఆమె చేతులతో కొట్టించగలదు, అందుకే ద్వేషాన్ని అంతసేపు మోయనిచ్చి తర్వాత కరిగించింది. చూడటమే తప్ప చేయడం లేని టీవీ ప్రేక్షకుడు కారణం తెలియకుండా అన్ని వారాలు ఆమె పక్కన నిలబడడు. అయితే ముందే చెప్పేసి పోగొట్టుకున్నదాన్ని సీరియల్ వేరే రకంగా పూడ్చిందా అన్నది గట్టి ప్రశ్న. పూడ్చలేదన్నది నా అభిప్రాయం. రెండూ చూసి, ఆడినవాళ్లు ఇప్పుడు వాదించుకోవాల్సింది దాని మీద.